కోటలో ఆకలి, నగరంలో గుత్తేదారు

1791 అక్టోబరు 31. ఒహాయో నదికి ఉత్తరాన దట్టమైన అడవిలో చెట్లు నరికి దారి చేసుకుంటూ సాగుతున్న అమెరికా సైన్యం నుంచి, కెంటకీ పౌరసేనకు చెందిన సుమారు 60 మంది విడిపోయి ఇంటిముఖం పట్టారు. వెనుక నుంచి వస్తున్న ఆహార బిడారును దారిలో దోచుకుంటామని పోతూపోతూ బెదిరించారు. సేనాని ఆర్థర్ సెయింట్ క్లెయిర్‌కు అది ఉత్త బెదిరింపుగా తోచలేదు. సైన్యం అప్పటికే అరకొర తిండితో నెట్టుకొస్తున్నది. ఆ పిండి అందకపోతే ముందుకు సాగడం మాట అటుంచి, వెనక్కు తిరిగి రావడం కూడా కష్టమే. అందుచేత తన దగ్గరున్న దళాలలో బాగా తర్ఫీదు పొందిన మొదటి రెజిమెంటును, దాదాపు 300 మందిని, ఆ గుర్రాల రక్షణకు వెనక్కు పంపాడు.

నాలుగు రోజుల తరువాత, నవంబరు 4 తెల్లవారుజామున, వాబాష్ నది ఒడ్డున విడిసిన ఆ సైన్యం మీద మయామీ నాయకుడు లిటిల్ టర్టిల్, షానీ నాయకుడు బ్లూ జాకెట్ నేతృత్వంలో ఆదివాసీ జాతుల కూటమి విరుచుకుపడింది. మూడు గంటలలో పోరు ముగిసింది. శిబిరంలో ఉన్న సుమారు 1,400 మందిలో 600 మందికి పైగా సైనికులు చనిపోయారు, మరెందరో గాయపడ్డారు. ఆదివాసుల చేతిలో అమెరికా సైన్యం పొందిన పరాజయాలన్నిటిలో ఇదే పెద్దది. మొదటి రెజిమెంటు మాత్రం ఆ సమయానికి యుద్ధభూమిలో లేదు. అది పిండికి కాపలాగా వెళ్ళింది.

సైనిక చరిత్రకారులు ఈ ఓటమికి అనేక కారణాలు చెప్పారు. సైనికులకు శిక్షణ లేదు, సేనాని వాతరోగంతో బాధపడుతున్నాడు, శిబిరం చుట్టూ రక్షణ ఏర్పాట్లు జరగలేదు. అవన్నీ నిజమే. అయితే ఆ సైన్యం ఆ రోజున, ఆ చోట, ఆ దుస్థితిలో ఎందుకు ఉన్నదన్న ప్రశ్నకు జవాబు వెతికితే చూపు వాబాష్ ఒడ్డు నుంచి న్యూయార్క్ నగరం వైపు మళ్ళుతుంది. అక్కడ ఒక గుత్తేదారు ఉన్నాడు.

1783లో బ్రిటన్‌తో కుదిరిన సంధి ప్రకారం ఒహాయో నదికి ఉత్తరానున్న విశాల భూభాగం పటం మీద అమెరికాకు దక్కింది. ఆ భూమిని తరతరాలుగా ఏలుకుంటున్న ఆదివాసీ జాతులకు ఆ సంధిలో చోటు లేదు; వారు దానిని అంగీకరించనూ లేదు. పటం మీది గీతను నేల మీది అధికారంగా మార్చడానికి కొత్త ప్రభుత్వం కోటలు కట్టడం మొదలుపెట్టింది. నేటి సిన్సినాటి దగ్గర ఫోర్ట్ వాషింగ్టన్, దానికి ఉత్తరాన ఫోర్ట్ హామిల్టన్, ఇంకా పైన ఫోర్ట్ జెఫర్సన్ వెలిశాయి. కొయ్య దుంగలు పాతి కోట నిలబెట్టడం కొన్ని వారాల పని. అందులోని మనుషులకు రోజూ తిండి పెట్టడం అంతకంటె కష్టమైన వ్యవహారం.

తిండి ఎంత ఇవ్వాలో చట్టం స్పష్టంగానే చెప్పింది. 1790 ఏప్రిల్ 30 నాటి చట్టం ప్రకారం ఒక సైనికుడికి రోజుకు ఒక పౌండు గొడ్డుమాంసం లేదా ముప్పాతిక పౌండు పందిమాంసం, ఒక పౌండు రొట్టె లేదా పిండి, అర గిల్ రమ్ము లేదా బ్రాందీ లేదా విస్కీ ఇవ్వాలి. అర గిల్ అంటే నేటి లెక్కలో దాదాపు 60 మిల్లీలీటర్లు. ప్రతి నూరు రేషన్లకు ఒక క్వార్టు ఉప్పు, రెండు క్వార్టుల వెనిగర్, రెండు పౌండ్ల సబ్బు, ఒక పౌండు కొవ్వొత్తులు అదనం. కూరగాయల ప్రసక్తి లేదు. పాలు లేవు. అంతకు 15 ఏళ్ళ క్రితం, 1775లో స్వాతంత్ర్య సమరం నాటి సైన్యానికి నిర్ణయించిన రేషన్లో బఠాణీలు లేదా చిక్కుడు గింజలు, పాలు, బియ్యం లేదా మొక్కజొన్న పిండి ఉండేవి. శాంతికాలపు చిన్న సైన్యానికి పొదుపు పేరిట అవన్నీ ఎగిరిపోయాయి.

ఆ మిగిలిన కాస్తయినా అడవికి చేర్చడం ఎలా? పిండి పీపాలు పిట్స్‌బర్గ్ నుంచి పడవల మీద ఒహాయో నదిలో దిగువకు రావాలి. వేసవిలో నీరు తగ్గితే పడవలు ఆగిపోతాయి. ఫోర్ట్ వాషింగ్టన్ చేరాక అక్కడి నుంచి ఉత్తరానికి బండ్ల బాట లేదు. గుర్రాల వీపులే శరణ్యం. ఒక గుర్రం 200 పౌండ్ల బరువు మోస్తుందనుకుంటే, 2,000 మందికి ఒక్క రోజు పిండికే పది గుర్రాలు కావాలి. సైన్యం పది రోజుల దూరం ముందుకు పోయిందంటే, పిండితో వెళ్ళేవి, ఖాళీగా తిరిగి వచ్చేవి కలిపి ఎప్పుడూ 200 గుర్రాలు దారిలోనే ఉండాలి. వాటికీ మేత కావాలి. అక్టోబరులో మంచు పడి గడ్డి మాడిపోతే గుర్రాలు డస్సిపోతాయి. మాంసం కోసం పశువులను మంద మందలుగా తోలుకుపోతారు. మేత లేకపోతే అవీ చిక్కిపోతాయి. కనుక దండయాత్ర వేసవిలో మొదలై, ఆకురాలు కాలానికి ముగియాలి. ఒక్క నెల ఆలస్యమైనా లెక్క మొత్తం తారుమారవుతుంది. 1791లో సైన్యం కదిలేటప్పటికే సెప్టెంబరు వచ్చింది.

ఈ సరఫరా బాధ్యత ప్రభుత్వానిది కాదు. స్వాతంత్ర్య యుద్ధం చివరి దశలో ఖజానా వ్యవహారాలు చూసిన రాబర్ట్ మోరిస్ 1781లో గుత్త పద్ధతిని ప్రవేశపెట్టాడు. ఒక్కొక్క రేషన్‌కు, ఒక్కొక్క కోటకు ఇంత అని ధర పాడి, తక్కువకు ఇచ్చేవాడికి గుత్త ఇవ్వడం దాని సారం. కొనుగోలు, రవాణా, పంపిణీ అన్నీ గుత్తేదారువే. అంతకు ముందున్న అస్తవ్యస్తపు పద్ధతితో పోలిస్తే ఇది చవక. ఊళ్ళ నడుమ ఉన్న సైన్యానికి బాగానే పనిచేసింది కూడా. గుత్తేదారు మాట తప్పితే సేనాని బయట కొని, ఆ ఖర్చు అతని ఖాతాలో రాయవచ్చు. కాని అడవిలో కొనడానికి అంగడి ఎక్కడిది? ధర ముందే ఖాయమైనందున, తక్కువ గుర్రాలు కొన్నకొద్దీ, నాసిరకం పిండి పంపినకొద్దీ గుత్తేదారు లాభం పెరుగుతుంది. ఆలస్యానికి మూల్యం చెల్లించేది మాత్రం అతను కాదు.

1791 దండయాత్రకు ఆహార గుత్త 1790 అక్టోబరులో థియొడోసియస్ ఫౌలర్ అనే వ్యక్తి పేర కుదిరింది. 1791 జనవరిలో అది విలియం డ్యూయర్‌కు బదిలీ అయింది. డ్యూయర్ సామాన్యుడు కాదు. ఖజానా కార్యదర్శి అలెగ్జాండర్ హామిల్టన్ కింద సహాయ కార్యదర్శిగా పనిచేసి, 1790లో తప్పుకొన్నవాడు. యుద్ధ కార్యదర్శి హెన్రీ నాక్స్‌కు మిత్రుడు. 1791లోనే వారిద్దరూ మెయిన్ ప్రాంతంలో లక్షల ఎకరాల భూముల బేరంలో భాగస్వాములయ్యారు. అంటే సైన్యానికి తిండి పెట్టవలసిన గుత్తేదారు, ఆ సైన్యానికి అధిపతి అయిన మంత్రి ఒకే వ్యాపారంలో వాటాదారులు. గుత్తేదారు సరిగా పనిచేస్తున్నాడా లేదా అని నిలదీయవలసిన స్థానంలో ఉన్న మనిషికి, నిలదీస్తే సొంత పెట్టుబడికే నష్టం.

ఈ డ్యూయర్ కథలో భారతదేశానికి కూడా ఒక పుట ఉంది. ఇంగ్లండులో పుట్టిన అతను యౌవనంలో రాబర్ట్ క్లైవ్‌కు అంగరక్షక అధికారిగా బెంగాల్ ప్రయాణానికి వెంట వెళ్ళాడు. 1765లో ఈస్టిండియా కంపెనీకి బెంగాల్ దివానీ సంపాదించిపెట్టిన యాత్ర అదే. వాతావరణం సరిపడక డ్యూయర్ త్వరలోనే తిరిగి వెళ్ళిపోయాడు. ఆ తరువాత అమెరికాలో స్థిరపడి, వ్యాపారిగా, రాజకీయవేత్తగా ఎదిగాడు.

1791 నాటికి డ్యూయర్ మనసు పిండి మీద లేదు. న్యూయార్క్‌లో ప్రభుత్వ రుణపత్రాలు, బ్యాంకు వాటాల జూదం జోరుగా సాగుతున్నది. సైన్యం తిండి కోసం ఖజానా నుంచి ముందస్తుగా అందిన సొమ్మును అతను ఆ జూదంలోకి మళ్ళించాడు. ఒహాయో తీరంలోని అతని ప్రతినిధులకు కొనుగోళ్ళకు చాలినంత డబ్బు అందలేదు. కావలసినన్ని గుర్రాలు రాలేదు. సరంజామా చూడవలసిన క్వార్టర్‌మాస్టర్ శామ్యూల్ హాడ్జ్‌డన్ సెప్టెంబరు దాకా ఫోర్ట్ వాషింగ్టన్‌కు చేరనే లేదు. కాంగ్రెస్ రేషన్ మంజూరు చేసింది, ఖజానా సొమ్ము ఇచ్చింది. సిపాయి చేతికి మాత్రం సగం పిండే అందింది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదన్న సామెత అక్కడ అక్షరాలా నిజమైంది.

1792 మార్చిలో న్యూయార్క్ జూదం కుప్పకూలింది. మార్చి 23న డ్యూయర్ అప్పుల కింద జైలుపాలయ్యాడు. చాలా మంది మదుపరులను తనతోపాటు ముంచాడు. 1799లో చనిపోయేదాకా అతనికి రుణవిముక్తి కలగలేదు. సరిగ్గా నాలుగు రోజుల తరువాత, మార్చి 27న, ప్రతినిధుల సభ వాబాష్ పరాజయం మీద విచారణకు ఒక సంఘాన్ని నియమించింది. అమెరికా కాంగ్రెస్ చరిత్రలో కార్యనిర్వాహక శాఖ నడవడి మీద జరిగిన మొట్టమొదటి విచారణ ఇదే. సంఘం కాగితాలు కోరినప్పుడు ఇవ్వాలా వద్దా అని అధ్యక్షుడు వాషింగ్టన్ తన మంత్రులను సమావేశపరచి చర్చించాడు. ప్రజాహితానికి హాని కలిగించే పత్రాలను నిరాకరించే హక్కు అధ్యక్షుడికి ఉన్నదని సూత్రం నిర్ణయించుకుని, ఈ వ్యవహారంలో మాత్రం పత్రాలు ఇచ్చివేశారు. అమెరికా రాజ్యాంగ చరిత్రలో నేటికీ నలుగుతున్న ఆ వివాదానికి మూలం అడవిలో చేరని పిండి బస్తాలే.

మే 8న సంఘం నివేదిక ఇచ్చింది. సైన్యం ఏర్పాటుకు చట్టం ఆలస్యంగా రావడం, క్వార్టర్‌మాస్టర్, గుత్తేదారు శాఖలలో ఘోరమైన అలసత్వం, దళాలకు క్రమశిక్షణ, అనుభవం లేకపోవడం ఓటమికి కారణాలని చెప్పి, సెయింట్ క్లెయిర్‌ను నిర్దోషిగా తేల్చింది. నాక్స్, హాడ్జ్‌డన్ అభ్యంతరం చెప్పారు. 1793లో నివేదికను సవరించారు. సభ దాని మీద ఏ నిర్ణయమూ తీసుకోకుండానే వ్యవహారం ముగిసింది. రోగం ఏమిటో తెలిసింది. మందు వేయలేదు.

సైన్యాలు తుపాకుల కంటె ముందు తిండి దగ్గర ఓడిపోవడం అమెరికాకే ప్రత్యేకం కాదు. సరిగ్గా అదే 1791లో, మే నెలలో, దక్కనులో మరో సేనాని ఇదే గుణపాఠం నేర్చుకున్నాడు. పదేళ్ళ క్రితం యార్క్‌టౌన్‌లో అమెరికన్లకు లొంగిపోయిన లార్డ్ కారన్‌వాలిస్ అప్పటికి భారతదేశంలో గవర్నర్ జనరల్. టిప్పు సుల్తాన్ రాజధాని శ్రీరంగపట్నం ముంగిటకు చేరి, అరికెర దగ్గర పోరు గెలిచి కూడా, ఎడ్లు చచ్చిపోయి, ధాన్యం అయిపోయి, కోటలు బద్దలుకొట్టే పెద్ద ఫిరంగులను తానే ధ్వంసం చేసి బెంగళూరుకు వెనుదిరిగాడు. అయితే 1792 ఫిబ్రవరిలో మళ్ళీ వచ్చి విజయం సాధించాడు. ఆ మధ్యకాలంలో అతని సైన్యానికి ధాన్యం మోసుకొచ్చిన వారిలో ముఖ్యులు బంజారాలు, తెలుగునాట లంబాడీలుగా పిలిచే ఎద్దుల బిడార్ల వ్యాపారులు. మొఘల్ కాలం నుంచీ సైన్యాలకు, సంతలకు ధాన్యం చేరవేయడం వారి వృత్తి. దక్కనులో రైతు ఉన్నాడు, సంత ఉంది, వేల ఎడ్లతో తిరిగే సంచార వర్తకుడు ఉన్నాడు. ఒహాయో అడవిలో సెయింట్ క్లెయిర్‌కు ఇవేవీ లేవు. అక్కడ పంట పండించే వాళ్ళు ఒక్కరే ఉన్నారు. ఆ సైన్యం ఎవరి మీదికి వెళ్ళిందో, ఆ ఆదివాసులే.

ఈ సంగతిని సెయింట్ క్లెయిర్ తరువాత వచ్చిన ఆంథొనీ వేన్ బాగా గ్రహించాడు. రెండేళ్ళు తొందరపడలేదు. కొత్త గుత్తేదారులైన ఇలియట్, విలియమ్స్‌లతో అతనికీ నిత్యం తగాదాలే. కాని ఒక్కొక్క కోటలో తిండి నిలవచేసుకున్నాకే ముందుకు కదిలాడు. 1793 డిసెంబరులో సెయింట్ క్లెయిర్ ఓడిన చోటే ఫోర్ట్ రికవరీ కట్టించాడు. 1794 జూన్ 30న వెయ్యి మందికి పైగా ఆదివాసీ యోధులు అక్కడ దాడి చేసినప్పుడు వారి మొదటి దెబ్బ పడింది, పిండి దించి తిరిగి పోతున్న గుర్రాల బిడారు మీదనే. గుర్రాలు దక్కాయి గాని కోట దక్కలేదు. దూరప్రాంతాల నుంచి వచ్చిన యోధులు చాలామంది ఇళ్ళకు మరలారు.

ఆగస్టు 20న ఫాలెన్ టింబర్స్ దగ్గర తుది పోరు జరిగింది. యుద్ధానికి ముందు ఉపవాసం ఉండడం ఆదివాసీ యోధుల ఆచారం. వేన్ అనుకున్న రోజున రాకపోవడంతో ఆకలి భరించలేక కొందరు తిండికోసం వెళ్ళిన వేళ దాడి జరిగింది. గెలిచాక వేన్ సైన్యం మామీ నది వెంట మైళ్ళ తరబడి ఉన్న మొక్కజొన్న చేలను తగులబెట్టింది. అవి ఆదివాసీ స్త్రీలు దున్ని, నాటి, కాపాడుకున్న చేలు. తన సిపాయికి తిండి చేర్చలేక మూడేళ్ళ క్రితం ఓడిపోయిన ప్రభుత్వం, ఎదుటివారి తిండిని నాశనం చేసి గెలిచింది. మరుసటి ఏడాది గ్రీన్‌విల్ సంధితో నేటి ఒహాయో రాష్ట్రంలోని అధిక భాగం చేతులు మారింది.

గెలుపు వచ్చాక గుత్త పద్ధతిని మార్చే తొందర ఎవరికీ లేకపోయింది. 1802 చట్టం రేషన్‌ను కొంత పెంచింది: గొడ్డుమాంసం పౌనుంబావు, పిండి 18 ఔన్సులు, మద్యం పూర్తి గిల్. పద్ధతి మాత్రం పాతదే. 1812లో బ్రిటన్‌తో యుద్ధం రాగానే పాత రోగం తిరగబెట్టింది. డెట్రాయిట్‌లో జనరల్ హల్ సైన్యానికి రావలసిన ఆహార బిడారు రైజిన్ నది దగ్గరే చిక్కుకుపోయింది. దానిని తెచ్చుకోవడానికి పంపిన దళం ఆగస్టు 5న బ్రౌన్స్‌టౌన్ దగ్గర దెబ్బతిన్నది. మరో దళం మగువాగా దగ్గర పోరాడి కూడా బిడారును చేరుకోలేకపోయింది. ఆగస్టు 16న హల్ కోటను అప్పగించేశాడు. ఆ యుద్ధం చివరన విన్‌ఫీల్డ్ స్కాట్, ఎడ్మండ్ గెయిన్స్ వంటి సేనానులు గుత్త పద్ధతిని రద్దు చేయాలని గట్టిగా చెప్పారు. అప్పుడూ వినలేదు. 1817-18లో ఫ్లోరిడా సరిహద్దున సెమినోల్ ఆదివాసుల మీద యుద్ధంలో గుత్తేదారులు మరోసారి చేతులెత్తేశాక గాని ప్రభుత్వం కళ్ళు తెరవలేదు.

1818 ఏప్రిల్ 14న వచ్చిన చట్టం ఆహార సరఫరాకు ఒక కమిసరీ జనరల్‌ను నియమించింది. జార్జ్ గిబ్సన్ ఆ పదవిలో 1861లో మరణించేదాకా కొనసాగాడు. గుత్తలు పూర్తిగా పోలేదు. వాటి రూపం మారింది. వ్యాపారి ఇక నిర్ణీత గిడ్డంగికి మొత్తం సరుకు చేర్చి, తనిఖీ చేయించుకుని, డబ్బు తీసుకుని తప్పుకుంటాడు. అక్కడి నుంచి కోట దాకా మోయించడం, సిపాయికి కొలిచి ఇవ్వడం సైనికాధికారుల పని. వారు పూచీపత్రం రాసి ఇవ్వాలి, లెక్క చెప్పాలి. మొదట ఐదేళ్ళకే పరిమితం చేసిన ఈ ఏర్పాటు పొడిగింపులు పొంది 1835లో శాశ్వతమైంది.

చట్టం మారినంత మాత్రాన మనుషులు మారలేదు. 1819లో మిస్సోరి నది ఎగువకు పంపిన పెద్ద దళానికి రవాణా గుత్త జేమ్స్ జాన్సన్‌కు దక్కింది. అతని సోదరుడు రిచర్డ్ జాన్సన్ కాంగ్రెస్‌లో పలుకుబడి గలవాడు, తరువాతి కాలంలో ఉపాధ్యక్షుడు. జేమ్స్ సమకూర్చిన స్టీమర్లలో ఒక్కటీ ఆ ఏడాది గమ్యానికి చేరలేదు. కౌన్సిల్ బ్లఫ్స్ దగ్గర విడిసిన సైనికులు ఉప్పు మాంసం, పాత పిండితో చలికాలం గడిపారు. కూరగాయలు లేక స్కర్వీ వ్యాపించి వసంతం వచ్చేలోగా నూరు మందికి పైగా చనిపోయారు. అక్కడ శత్రువు ఒక్క తుపాకీ పేల్చలేదు.

శాశ్వత కోటలలో సైనికులు సొంతంగా కూరగాయలు పండించుకోవాలని 1818లోనే ఆదేశం వచ్చింది. మిస్సోరి విషాదం తరువాత అది నిజంగా అమలైంది. అక్కడే వెలిసిన ఫోర్ట్ అట్కిన్‌సన్ కొన్నేళ్ళలో మొక్కజొన్న, బంగాళాదుంపలు, పశువుల మందలతో పెద్ద కమతంగా మారింది. ఫోర్ట్ స్నెల్లింగ్ సైనికులు సెయింట్ ఆంథొనీ జలపాతం దగ్గర పిండి మర నడిపారు. 1826లో ఫోర్ట్ అట్కిన్‌సన్‌ను తనిఖీ చేసిన కర్నల్ జార్జ్ క్రోగన్, సిపాయిలు సేద్యగాళ్ళయ్యారని, కవాతు మరిచారని ఆక్షేపించాడు. ఆ ఆక్షేపణ అన్యాయం కాదు. కాని కవాతు వచ్చిన సిపాయిలు స్కర్వీతో చనిపోయిన నేల కూడా అదే.

వాబాష్ ఒడ్డున సిపాయిలు చనిపోయిన ఆరు నెలలకే తప్పు ఎక్కడ జరిగిందో ప్రతినిధుల సభ చేతికి రాతపూర్వకంగా అందింది. ఆ కాగితం చట్టం కావడానికి 26 ఏళ్ళు పట్టింది. ఆ మధ్యలో సభలు మారాయి, నలుగురు అధ్యక్షులు వచ్చి వెళ్ళారు, ఒక పెద్ద యుద్ధం గడిచింది. గుత్త పద్ధతి చవక అన్న వాదన మాత్రం ప్రతిసారీ నెగ్గింది. ఆ చవక లెక్కలో రేషన్ ధర ఉంది, రవాణా ఖర్చు ఉంది. పిండికి కాపలాగా వెళ్ళిన 300 మంది లేక వాబాష్ ఒడ్డున మిగిలిన వారు పోగొట్టుకున్నది మాత్రం ఏ పద్దులోనూ చేరలేదు.